మాక్ ట్రయల్ నాటకం అయిపోతోంది, సాక్షిని విచారించడం అసలెలా నేర్పాలి?

బ్రాడీపేట_నాలుగోలైను

ఐదేళ్ల లా కోర్సు, ఆఖరి ఏడాది, 60 మంది పిల్లలు. క్రిమినల్ మాక్ ట్రయల్ (ఉత్తుత్తి విచారణ) పెట్టిన ప్రతిసారీ ఒకటే తంతు. పీపీ (ప్రభుత్వ లాయరు), డిఫెన్స్ (ముద్దాయి లాయరు), సాక్షులు అందరూ ఒకే హాస్టల్ గదిలో కూర్చుని ప్రశ్నా జవాబూ రాసుకొని వస్తారు. సాక్షి తడబడాల్సిన చోట తడబడతాడు, ఏడవాల్సిన చోట ఏడుస్తాడు. మధ్యలో ఒకడు బల్ల గుద్ది "అబ్జెక్షన్ మిలార్డ్" అంటాడు. దేనికయ్యా అబ్జెక్షను అంటే తెల్లమొహం. చప్పట్లు, గ్రూప్ ఫొటో, అయిపోయింది. మర్నాడు క్లాసులో "చీఫ్‌లో లీడింగ్ లేకుండా మూడు ప్రశ్నలు అడుగు" అంటే అడిగేవాడు లేడు. (చీఫ్ అంటే తన సాక్షిని తానే అడగడం, లీడింగ్ అంటే జవాబు నోటికి అందించే ప్రశ్న.)

మూట్‌లు (సాక్షులు లేని, ఒట్టి వాదనల అభ్యాసం) మాత్రం బ్రహ్మాండంగా చేస్తారు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ చూస్తే క్లినికల్ పేపర్లో 3 మూట్‌లకు 30 మార్కులు, సివిల్ ఒకటి క్రిమినల్ ఒకటి ట్రయల్ చూసి రాసినందుకు 30. అంటే ట్రయల్ చూడాలి, చేయక్కర్లేదు. నాకు కావలసింది: కేసు ఫైలు ఎలా తయారు చేయాలి, 60 మందికీ నోరు తెరిచే వంతు ఎలా తేవాలి, మార్కులు దేనికి వేయాలి. చేస్తున్నవాళ్లు చెప్పండి.

గవర్నర్‌పేట_గౌను

నాటకం అవుతోందంటే మీరు కథ ఇస్తున్నారు, కేసు ఫైలు ఇవ్వట్లేదు. "ఎ అనే వ్యక్తి బి అనే వ్యక్తిని పొడిచెను" అని అరపేజీ ఇస్తే మిగతాది పిల్లలే కల్పించుకోవాలి. కల్పించుకున్నది కాబట్టి ఇద్దరూ కూడబలుక్కుంటారు. 20, 25 పేజీల ఫైలు చేతిలో పెట్టండి. ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, సీన్ అబ్జర్వేషన్ రిపోర్టు, రఫ్ స్కెచ్, పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్లు, ఊండ్ సర్టిఫికెట్ (డాక్టరు రాసే గాయాల పత్రం), మధ్యవర్తుల రిపోర్టు (మధ్యవర్తుల ఎదుట పోలీసులు రాసే పంచనామా), చార్జిషీటు. ఎల్‌డబ్ల్యూ (చార్జిషీటులోని సాక్షుల) నంబర్లతో సహా అసలు చార్జిషీటులా ఉండాలి.

నల్లకోటు_నాని

ముందు ఆ చెక్క సుత్తి తీసేయండి మేడం. మన కోర్టుల్లో జడ్జి గారి ముందు సుత్తి ఉండదు. సుత్తంతా మా వాదనల్లోనే.

గవర్నర్‌పేట_గౌను

నాని 😀 మిలార్డ్ కూడా తీసేయాలి. 2006లో బార్ కౌన్సిలే చెప్పింది, హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో యువర్ ఆనర్ లేదా ఆనరబుల్ కోర్ట్, కింది కోర్టుల్లో సార్ అంటే చాలని. సెషన్స్ కోర్టు సీనులో మిలార్డ్ అన్నవాడికి అర మార్కు కోత పెట్టండి, వారంలో పోతుంది.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

(పేరు చూసి కంగారు పడకండి, నేను మేజిస్ట్రేట్‌ను కాను. క్రిమినల్ ప్రాక్టీసు, వారానికో క్లాసు చెబుతాను.)

గౌను గారు చెప్పిన ఫైలులో పేజీల కంటే ముఖ్యమైనవి దాంట్లో పెట్టే సందులు. మేం వాడేది కల్పిత కేసు. గుంటూరు మిర్చి యార్డులో రాత్రి 8.30కి హమాలీల మధ్య కూలి పంపకం గొడవ, బస్తాలెత్తే ఇనప కొక్కెంతో ఒకరు ఇంకొకరిని పొడిచారని ప్రాసిక్యూషన్ కథ. బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 109, 118(2), అంటే హత్యాయత్నం, ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయం. ఫైలులో కావాలని పెట్టినవి ఇవి:

ఎఫ్‌ఐఆర్ రాత్రి 10.15కి కట్టినట్టు ఉంది, మేజిస్ట్రేట్‌కు చేరింది మర్నాడు సాయంత్రం 4కి. స్టేషనూ కోర్టూ ఒకే ఊళ్లో.

ఫిర్యాదులో నిందితుడి పేరు ఉంది. ఊండ్ సర్టిఫికెట్‌లో "గుర్తు తెలియని వ్యక్తి పొడిచినట్టు చెప్పారు" అని ఉంది. ఆసుపత్రికి వచ్చిన టైము 9.05, అంటే ఎఫ్‌ఐఆర్ కంటే ముందు.

రఫ్ స్కెచ్‌లో లైటు స్తంభం లేదు. చీఫ్‌లో మాత్రం పీడబ్ల్యూ1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) లైటు వెలుగులో చూశానంటాడు.

గాయం అంచులు నున్నగా ఉన్న 4 సెం.మీ. కోత. కొక్కెంతో పొడిస్తే మామూలుగా పడేది పోటు గాయం, అంచులు చిరిగినట్టు ఉంటాయి.

ఈ నాలుగూ పిల్లలకు ముందు చెప్పకూడదు. ఫైలు చదివి వాళ్లే పట్టుకోవాలి. రెండు పట్టుకుంటే మామూలు, మూడు పట్టుకుంటే బాగా చదివినట్టు. డిఫెన్స్‌కు మాత్రమే అనుకూలంగా సందులు పెడితే పీపీ వైపు పిల్లలు నీరసపడతారు. అందుకని ప్రాసిక్యూషన్‌కు కూడా ఒకటి పెట్టండి. కొక్కెం మీద రక్తం గాయపడ్డవాడి గ్రూపుదే అని ల్యాబ్ రిపోర్టు, లేదా ఆ రాత్రి ఊళ్లో లేనన్న నిందితుడు అదే వీధిలో కనిపించే సీసీటీవీ.

కృష్ణలంక_కట్ట

అన్నీ ఫైలులోనే ఉంటే మళ్లీ కూడబలుక్కోరా? హాస్టల్ గది ఎక్కడికీ పోలేదు కదా.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

అందుకే సాక్షికి వేరే కాగితం. ఒక పేజీ, సీల్డు కవరు, ముందురోజు రాత్రి సాక్షి వేసేవాడికి మాత్రమే. దాంట్లో ఇద్దరు లాయర్లకూ తెలియని సంగతి ఒకటి ఉంటుంది. మా కేసులో పీడబ్ల్యూ2 టీ కొట్టువాడు, కవరులో "నువ్వేమీ చూడలేదని చెప్పు, పోలీసులు అడగనేలేదని చెప్పు" అని ఉంటుంది. పీపీ వేసిన పిల్ల నిలబడి మొదటి ప్రశ్న అడగ్గానే సాక్షి తిరగబడతాడు. అప్పుడు చూడాలి మొహం.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

ఆ పిల్ల నేనే అయ్యుండొచ్చు. తిరగబడితే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు, సాక్షిని తిట్టేశాను 🙈

సెక్షన్ల_సీతమ్మ

తిట్టడానికి బీఎస్‌ఏలో సెక్షన్ లేదమ్మాయ్. 157 ఉంది, పాత ఎవిడెన్స్ యాక్టులో 154; బీఎస్‌ఏ అంటే దాని స్థానంలో వచ్చిన సాక్ష్య చట్టం. వరుస ఇది. సాక్షి ప్రాసిక్యూషన్ కథకు ఎదురు చెప్పాడు. నువ్వు ఆగి, సాక్షి పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటుకు భిన్నంగా చెబుతున్నాడు, క్రాస్ చేయడానికి (ఎదురు పక్షం లాయరులా నిలదీయడానికి) అనుమతి కావాలని కోర్టును అడుగు. అనుమతి రికార్డులోకి ఎక్కాక లీడింగ్ ప్రశ్నలు మొదలుపెట్టు. స్టేట్‌మెంటులో భాగాన్ని చదివి వినిపించు. కాదంటే ఆ భాగాన్ని ఎగ్జిబిట్ పి (ప్రాసిక్యూషన్ పత్రం) నంబరు వేయించి, తర్వాత ఐవోతో (దర్యాప్తు చేసిన పోలీసు అధికారితో) రుజువు చేయించు. చివర్లో "ముద్దాయితో కుమ్మక్కై అబద్ధం చెబుతున్నావు" అన్న సజెషన్ మరచిపోకు.

ఇంకోటి. తిరగబడ్డ సాక్షి మాట మొత్తం చెత్తబుట్టలో పడదు. 157(2) చదువు. సాక్ష్యంలో పనికొచ్చే ముక్కను వాడుకోవచ్చు. "గొడవ జరిగింది, ఎవరు పొడిచారో చూడలేదు" అన్నాడనుకో. గొడవ, చోటు, టైము నీకు దక్కినట్టే.

బెంచ్_గుమాస్తా

ఇక్కడ అందరూ ప్రశ్నల గురించే మాట్లాడుతున్నారు. రికార్డు ఎవరు రాస్తున్నారు?

మన సెషన్స్ కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి గారు దాన్ని ఎక్కువగా ఇంగ్లీషులో, కథలా డిక్టేట్ చేస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 311 ప్రకారం మామూలు పద్ధతే అది, కావాలంటే ఒక ముక్కను ప్రశ్న-జవాబుగా రాయించవచ్చు. అప్పీల్లో చదివేది ఆ కాగితమే. మీరు ఎంత గొప్పగా క్రాస్ చేసినా డిక్టేషన్‌లో ఎక్కకపోతే లేనట్టే. మాక్ ట్రయల్లో ఈ భాగం ఎక్కడా చూడలేదు. జడ్జి వేసినవాడు తలూపుతూ కూర్చుంటాడు.

ఇలా చేయండి. జడ్జి పక్కన ల్యాప్‌టాప్‌తో ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి. జడ్జి ప్రతి జవాబూ డిక్టేట్ చేయాలి. లాయరు ఆ డిక్టేషన్ విని, తేడా ఉంటే అక్కడికక్కడే లేచి "సార్, సాక్షి 'సరిగా కనిపించలేదు' అన్నాడు, 'కనిపించలేదు' అని ఎక్కింది" అని చెప్పాలి. జడ్జికి రహస్యంగా చెప్పండి, ఒక్కో సాక్షి దగ్గర రెండు చోట్ల కావాలని తప్పు డిక్టేట్ చేయమని. పట్టుకున్నవాడికి మార్కులు. చివర ఆర్గ్యుమెంట్లలో సాక్షి వాంగ్మూలంగా టైపైన డిపోజిషన్‌లో ఉన్నదే చదవాలి, పేజీ చూపించి. లేనిది చెబితే ఆపేయండి.

గవర్నర్‌పేట_గౌను

ఈ ఒక్క పోస్టు చాలు మేడం, ప్రింట్ తీసుకోండి.

నల్లకోటు_నాని

గుమాస్తా గారూ, దొంగ డిక్టేషన్ ఐడియా మీకు ఎక్కడ తట్టిందో అడగను లెండి.

బెంచ్_గుమాస్తా

అడక్కు.

బ్రాడీపేట_నాలుగోలైను

రాసుకున్నాను. ఇప్పుడు 60 మంది సంగతి. ఒక్క ట్రయల్‌లో పది మందికి మించి పాత్రలు రావు, మిగతా 50 మంది ప్రేక్షకులే.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

మొత్తం ట్రయల్‌తో మొదలుపెట్టకండి. అది ఆఖర్న. ముందు ముక్కలు ముక్కలుగా డ్రిల్లు. లెక్క చూడండి: ఒక విద్యార్థి 7 నిమిషాలు సాక్షిని విచారిస్తాడు, 4 నిమిషాలు మీరు దిద్దుతారు, మొత్తం 11. అరవై మందికి 660 నిమిషాలు, 11 గంటలు. ఒక్క టీచరు ఒక్క రౌండుకు 11 గంటలు పెట్టలేరు. పదేసి మంది చొప్పున 6 గదులు, గదికో లాయరు పెడితే రెండు గంటల్లోపు అయిపోతుంది. రెండో శనివారం కోర్టులు ఉండవు, బార్‌లో నాలుగైదేళ్ల ప్రాక్టీసు ఉన్న జూనియర్లను అడగండి. సీనియర్లను పిలిస్తే ఉపన్యాసం ఇచ్చి వెళ్తారు, పిల్లలకు వంతు రాదు. ఒక గదిలో ఒకడు విచారిస్తుంటే ఒకడు సాక్షి, ఒకడు జడ్జి, ఒకడు టైపు, ఒకడు ఎదురు లాయరు. ఖాళీగా ఉండేది ఐదుగురే, వాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్క అంశం మీద నోట్సు రాసే పని.

కృష్ణలంక_కట్ట

జూనియర్లు దిద్దితే ఎలా దిద్దుతారు? "బాగా చేశావు, ఇంకొంచెం గట్టిగా మాట్లాడు" అని. దానికి జూనియర్ ఎందుకు, హాస్టల్ వార్డెన్ చాలు.

సెక్షన్ల_సీతమ్మ

నిజమే. దిద్దడానికి ఒక పద్ధతి ఉంది, ఆస్ట్రేలియాలో జార్జ్ హాంపెల్ పెట్టింది, ఇంగ్లండ్ బార్ శిక్షణలో కూడా అదే వాడతారు. ఆరు మెట్లు. ముందు ఏ ఒక్క సంగతి దిద్దుతున్నామో ఒక్క ముక్కలో చెప్పాలి. తర్వాత విద్యార్థి అడిగిన ప్రశ్నను అతని మాటల్లోనే, అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదవాలి. అది ఎందుకు పనికిరాదో చెప్పాలి. ఎలా మార్చాలో చెప్పాలి. దిద్దేవాడు స్వయంగా లేచి అడిగి చూపించాలి. చివరకు విద్యార్థి అదే ముక్క మళ్లీ చేయాలి. ఆ చివరిది లేకపోతే మిగతా ఐదూ దండగ.

కష్టమైంది రెండోది. దిద్దేవాడు ప్రశ్నల్ని రాసుకుంటూ ఉండాలి. "నువ్వు లీడింగ్ అడిగావు" అంటే ఒప్పుకోరు. "'నిందితుడు కొక్కెం తీసి నడుము మీద పొడిచాడు కదా' అని అడిగావు" అని చదివితే వాళ్లే నాలుక కరుచుకుంటారు. ఒక్కడికి ఒక్క తప్పే దిద్దాలి. ఎనిమిది తప్పులు కనిపించినా సరే.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

ఎనిమిది తప్పుల్లో ఒకటే చెబితే మిగతా ఏడూ మాకెప్పుడు తెలుస్తాయి సీతమ్మ గారూ?

సెక్షన్ల_సీతమ్మ

వచ్చే రౌండులో. ఎనిమిదీ ఒకేసారి చెబితే ఒకటీ గుర్తుండదు.

గవర్నర్‌పేట_గౌను

చీఫ్ డ్రిల్లు గురించి ఒక మాట. పిల్లలకు క్రాస్ మీదే మోజు. చీఫ్ అంటే తేలిక అనుకుంటారు. సివిల్ కోర్టుకు ఇంటర్న్‌షిప్ వెళ్లినవాళ్లు ఇంకా ప్రమాదం, అక్కడ చీఫ్ అఫిడవిట్‌గా పడుతుంది కాబట్టి నోటితో చీఫ్ చేయడం చూసి ఉండరు. క్రిమినల్‌లో చెక్ బౌన్స్ లాంటి కేసులకు, ఫార్మల్ సాక్షులకు తప్ప అఫిడవిట్ కుదరదు. కాబట్టి మొదటి రౌండు అందరూ చీఫే చేయాలి. రూలు: ప్రతి ప్రశ్నలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఎలా, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. "కదా" వినబడితే ఎదురు లాయరు లేవాలి. పేరు, ఊరు, వృత్తి లాంటి పరిచయపు సంగతులకూ, వివాదం లేనివాటికీ బీఎస్‌ఏ 146 కింద కోర్టు లీడింగ్ ఒప్పుకుంటుంది. అక్కడ కూడా లేచి అబ్జెక్షన్ అనేవాడికి కోత.

క్రాస్‌లో తిరగేయండి. ప్రతి వాక్యం చివర "కదా". ఒక ప్రశ్నలో ఒక్క సంగతి. "మీరు చీకట్లో పది గజాల దూరం నుంచి చూశారు, అప్పుడే పరిగెత్తారు కదా" అంటే సాక్షి దేనికి అవునన్నాడో ఎవరికీ తెలియదు, జడ్జి డిక్టేట్ కూడా చేయలేడు. ఆ ఒక్కదాన్ని నాలుగు ప్రశ్నలు చేయాలి.

నల్లకోటు_నాని

"ఎందుకు" అని క్రాస్‌లో అడిగినవాడు అందరికీ టీ ఇప్పించాలి అని రూలు పెట్టండి.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

హాస్టల్ మెస్ బిల్లు కట్టలేకపోతున్నాం, టీలు కూడానా.

కృష్ణలంక_కట్ట

ఆ "ఎందుకు" రూలు మరీ గుడ్డిగా పెట్టకండి. ఐవోను "లైటు స్తంభం స్కెచ్‌లో ఎందుకు చూపించలేదు" అని అడిగితే కొన్నిసార్లు మంచిదే. ఏ జవాబు వచ్చినా డిఫెన్స్‌కు లాభమే అయితే అడగవచ్చు.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

అడగవచ్చంటారా? "లైటు ఉందండీ, గీయడం మరచిపోయాను" అంటాడు. మీరే ప్రాసిక్యూషన్ సందు పూడ్చినట్టు. "మీ స్కెచ్‌లో లైటు స్తంభం లేదు కదా" అని ఆగిపోవాలి. మిగతాది ఆర్గ్యుమెంట్‌లో.

కృష్ణలంక_కట్ట

రీఎగ్జామినేషన్‌లో (క్రాస్ తర్వాత మళ్లీ అడిగే వంతులో) పీపీ అదే అడుగుతాడు కదా, వివరణ అక్కడ రాదా?

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

పీపీ అడిగితే అడగనీ. అడగడం మరచిపోయే పీపీలు కూడా ఉంటారు, మీరు గుర్తు చేయక్కర్లేదు. డాక్టరు దగ్గర కూడా ఇదే. కొక్కెం చూపించి ఆ గాయం దీనితో పడుతుందా అని అడగాల్సింది పీపీ. అడగలేదనుకోండి, డిఫెన్స్ పిల్లవాడు ఉత్సాహంగా తనే చూపించి "దీంతో పడదు కదా" అంటాడు. డాక్టరు "కొన పదునుగా ఉండి పక్కకు లాగితే పడవచ్చు" అంటాడు. ఇక ముగిసింది. అంచులు నున్నగా ఉన్నాయి, ఆయుధం నాకు చూపించలేదు, ఈ రెండూ చెప్పించుకొని కూర్చోవాలి.

సెక్షన్ల_సీతమ్మ

అయితే జడ్జి వేసినవాడికి బీఎస్‌ఏ 168 గుర్తు చేయండి. కోర్టు ఎప్పుడైనా ఏ ప్రశ్నైనా అడగవచ్చు. తెలివైన జడ్జి ఆ కొక్కెం డాక్టరు చేతికిచ్చి తనే అడుగుతాడు. అప్పుడు డిఫెన్స్ ఏం చేస్తాడో కూడా నేర్పాలి. కోర్టు అడిగినదాని జవాబు మీద క్రాస్ చేయాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి.

బ్రాడీపేట_నాలుగోలైను

డాక్టరుగా ఎవరిని పెడుతున్నారు? మా పిల్లలు వేస్తే "ఏమో సార్, అలాగే రాసుంది" అంటున్నారు.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

మెడికల్ కాలేజీ పిల్లలు. ఫోరెన్సిక్ మెడిసిన్ చదివిన ఏడాదివాళ్లు అయితే చాలు. వాళ్లకూ పనికొస్తుంది, రేపు సమన్లు వచ్చేది వాళ్లకే. కానీ ముందే చెప్పండి, ఊండ్ సర్టిఫికెట్‌లో లేని కొలతలు కల్పించవద్దని. తెలివితేటలు చూపించబోయి కొత్త గాయం పుట్టిస్తారు.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

అన్నిటికంటే నాకు అర్థం కానిది కాంట్రడిక్షన్ మార్కింగ్ (సాక్షి పోలీసులకు ఒకటి, కోర్టులో ఒకటి చెప్పాడని రికార్డుకెక్కించడం). క్లాసులో తహసీల్దార్ సింగ్ 1959 అని సుప్రీంకోర్టు కేసు పేరు చెప్పి వదిలేశారు. అసలు లేచి నిలబడి ఏం అనాలి?

గవర్నర్‌పేట_గౌను

దీన్ని విడిగా డ్రిల్లు చేయాలి, కనీసం మూడుసార్లు. పీడబ్ల్యూ1 చీఫ్‌లో "లైటు వెలుగులో నిందితుణ్ణి స్పష్టంగా చూశాను" అన్నాడు. పోలీసు స్టేట్‌మెంటులో "చీకటిగా ఉన్నందున మొహం సరిగా కనిపించలేదు" అని ఉంది.

ముందు చీఫ్‌లో అన్న మాటకు సాక్షిని కట్టేయి. "లైటు వెలుగులో స్పష్టంగా చూశానని ఇప్పుడు చెప్పారు కదా." తర్వాత పోలీసులు విచారించారనీ, జరిగింది చెప్పాననీ ఒప్పించు. ఇక స్టేట్‌మెంటులోని ఆ వాక్యం, అదొక్కటే, ఉన్నది ఉన్నట్టుగా చదివి "ఇలా చెప్పారా" అని అడుగు. ఒప్పుకుంటే అయిపోయింది, వేరే రుజువు అక్కర్లేదు. కాదంటే ఆ వాక్యానికి బ్రాకెట్ పెట్టించి, ఐవో రుజువు చేయడానికి లోబడి ఎగ్జిబిట్ డి1 (డిఫెన్స్ మొదటి పత్రం) అని మార్క్ చేయమని కోర్టును అడుగు. అక్కడితో సగమే అయింది. ఐవో బోనెక్కినప్పుడు "పీడబ్ల్యూ1 నా ముందు ఎగ్జిబిట్ డి1లో ఉన్నట్టు చెప్పాడు" అని అతని నోటితో చెప్పించాలి. పది మందిలో ఏడుగురు ఈ రెండో సగం మరచిపోతారు. అప్పుడు ఆ కాంట్రడిక్షన్ రుజువు కానట్టే, కోర్టు దాన్ని చూడకూడదు. 2015లో వీకే మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఇదే పద్ధతి మళ్లీ చెప్పింది.

సెక్షన్ల_సీతమ్మ

దీనికి రెండు కలపాలి. ఒకటి, స్టేట్‌మెంటులో లేని మాట సాక్షి కోర్టులో కొత్తగా చెబితే అది ఒమిషన్. లేని వాక్యానికి బ్రాకెట్ పెట్టలేం కదా, డి నంబరు ఉండదు. "ఈ సంగతి పోలీసులకు చెప్పలేదు కదా" అని సాక్షిని, "పీడబ్ల్యూ1 మీకు ఇలా చెప్పలేదు కదా" అని ఐవోను అడగాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 181 వివరణ ప్రకారం ముఖ్యమైన ఒమిషన్ మాత్రమే కాంట్రడిక్షన్ అవుతుంది. చొక్కా రంగు చెప్పలేదని ఇరవై ప్రశ్నలు వేయవద్దు.

రెండు, ఒకరి స్టేట్‌మెంటుతో ఇంకొకరిని కాంట్రడిక్ట్ చేయడం. పిల్లలు తరచూ చేస్తారు. పీడబ్ల్యూ1 ఫిర్యాదు పట్టుకొని పీడబ్ల్యూ2ను నిలదీస్తారు. చెల్లదు. మేజిస్ట్రేట్ ముందు 183 కింద ఇచ్చిన స్టేట్‌మెంటు లెక్క వేరు, అది పోలీసు స్టేట్‌మెంటు లాగా 181 కట్టుబాటులో లేదు.

బెంచ్_గుమాస్తా

స్టేట్‌మెంటు మొత్తం చదివేసే ఘనులు కూడా ఉన్నారు. మొత్తం రికార్డులోకి ఎక్కిందంటే డిఫెన్సే ప్రాసిక్యూషన్ పని చేసిపెట్టినట్టు.

కృష్ణలంక_కట్ట

పాత సెక్షన్లు కూడా చెప్పాలి. 2024 జూలై 1కి ముందే నడుస్తున్న ట్రయల్స్ పాత సీఆర్‌పీసీలోనే సాగుతున్నాయి. కోర్టుకు వెళ్లగానే 161, 313, ఎవిడెన్స్ యాక్టులో 27 అనే వినపడుతుంది. కొత్త నంబర్లే చెబితే పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు.

బ్రాడీపేట_నాలుగోలైను

రెండూ పక్కపక్కన ఉన్న పట్టిక గోడకు అంటిస్తాను. కన్ఫెషన్ విషయంలో ఏం చేస్తున్నారు? నిందితుడు నేరం ఒప్పుకున్న మధ్యవర్తుల రిపోర్టు మొత్తం మార్క్ చేసేస్తున్నారు మావాళ్లు.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

దాన్ని ఫైలులో అలాగే పెట్టండి, పూర్తిగా. "నేనే పొడిచాను, కొక్కెం కాలవ గట్టున తుమ్మచెట్టు కింద దాచాను, చూపిస్తాను." బీఎస్‌ఏ 23 ప్రకారం మొదటి ముక్క లోపలికి రాకూడదు, కొక్కెం దొరకడానికి దారి తీసిన ముక్కే వస్తుంది. పీపీ ఆ ముక్క వరకే గీత గీసి మార్క్ చేయించాలి. పీపీ మొదటి ముక్క చదవబోయేటప్పుడే డిఫెన్స్ లేవాలి, చదివాక లేస్తే జడ్జి చెవిలో పడిపోయింది.

గవర్నర్‌పేట_గౌను

అబ్జెక్షన్ల డ్రిల్లు విడిగా పెట్టండి, తేలిక. 20 ప్రశ్నలు చీటీల మీద రాసి గబగబా చదవండి. మూడు సెకన్లలో లేచి ఒక్క ముక్కలో ఆధారం చెప్పాలి. లీడింగ్, విన్న మాట, పోలీసుల ముందు కన్ఫెషన్, నిపుణుడు కానివాడి అభిప్రాయం. ఇరవైలో ఆరు ప్రశ్నలు శుభ్రంగా ఉన్నవి కలపండి, కూర్చోవడం కూడా రావాలి.

సెక్షన్ల_సీతమ్మ

జడ్జి కూడా రూలింగ్ ఇవ్వాలి. బిపిన్ పంచల్ 2001 కేసు చెప్పి అబ్జెక్షన్లన్నీ ట్రయల్ చివరకు వాయిదా వేస్తారు. 2021లో క్రిమినల్ ట్రయల్స్ లోపాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత ప్రశ్న మీద అబ్జెక్షన్‌ను అప్పుడే, లేదా ఆ సాక్షి ముగిసేలోపు తేల్చాలి.

నల్లకోటు_నాని

సీసీటీవీ పెట్టమన్నారు పైన. పెన్‌డ్రైవ్ తెచ్చి ప్రొజెక్టర్‌లో సినిమా వేసేస్తారు జాగ్రత్త.

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

బీఎస్‌ఏ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువపత్రం) లేకుండా ప్లే చేయనివ్వకండి. పార్ట్ ఎ కొట్టు యజమానిది, పార్ట్ బి నిపుణుడిది, రెండింట్లోనూ హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) ఉంటుంది. ఫైలులో రెండు హ్యాష్‌లు ఒక్క అంకె తేడాతో పెట్టండి. ఎవరూ సరిచూడరు. ఒక్కసారి దెబ్బ తిన్నాక జీవితాంతం చూస్తారు.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసు చేద్దామని మా బ్యాచ్ అడుగుతోంది, వార్తల్లో ఎక్కువ అదే కదా.

సెక్షన్ల_సీతమ్మ

వద్దు. తోటి విద్యార్థిని బాధితురాలి పాత్రలో కూర్చోబెట్టి క్రాస్ చేయడం ఎవరికీ మంచిది కాదు, గదిలో నిజంగా అలాంటిది అనుభవించినవాళ్లు ఉండొచ్చు. పైగా పోక్సో 33(2) ప్రకారం లాయరు నేరుగా పిల్లను అడగకూడదు, ప్రశ్న కోర్టుకు ఇస్తే కోర్టు అడుగుతుంది. క్రాస్ నేర్చుకునే చోటు అది కాదు. ప్రశ్నలు రాసి జడ్జికి ఇచ్చే కాగితపు అభ్యాసం చేయించండి, చాలు.

కృష్ణలంక_కట్ట

ఇంత కష్టపడే బదులు లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు పంపితే అసలు కేసులే దొరుకుతాయిగా?

గవర్నర్‌పేట_గౌను

ఇంటర్వ్యూ, డ్రాఫ్టింగ్ వరకు పంపండి. సన్నదు (లాయరు లైసెన్సు) లేనివాడు సాక్షిని క్రాస్ చేయలేడు. పైగా అసలు కేసులో తప్పు చేస్తే జైలుకు వెళ్లేది వేరేవాడు. తప్పులు చేయడానికే ఈ కొక్కెం కేసు.

బ్రాడీపేట_నాలుగోలైను

ఆఖరి ట్రయల్ ఎంతసేపు? మార్కులు?

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

నలుగురు సాక్షులు. పీడబ్ల్యూ1 చీఫ్ 15, క్రాస్ 25. టీ కొట్టువాడు చీఫ్ 10, పీపీ క్రాస్ 10, డిఫెన్స్ క్రాస్ 10. డాక్టరు 10, 10. ఐవో 15, 25. తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ 351 కింద ముద్దాయి విచారణ 15. ఆర్గ్యుమెంట్లు చెరో 15. మొత్తం 175 నిమిషాలు, డిక్టేషన్‌తో కలిపి నాలుగు గంటలు వేసుకోండి. 351ని ఎగ్గొట్టకండి. జడ్జి వేసినవాడు సాక్ష్యంలో ముద్దాయికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సంగతీ విడి ప్రశ్నగా రాయాలి. నాలుగు సంగతులు ఒకే ప్రశ్నలో కుక్కితే కొట్టేయండి.

మార్కులు గొంతుకూ గౌనుకూ వేయవద్దు. 20లో 8 ప్రశ్నల ఆకారానికి, 6 ఎగ్జిబిట్లు, కాంట్రడిక్షన్లు సరిగా రికార్డుకు ఎక్కించినందుకు, 4 ఆర్గ్యుమెంట్‌లో డిపోజిషన్ పేజీ చూపించినందుకు, 2 ప్రవర్తనకు.

సెక్షన్ల_సీతమ్మ

ప్రవర్తనకు 2 తక్కువ. సాక్షిని అవమానించేవాడు 20లో 18 తెచ్చుకుంటాడా?

మిర్చియార్డ్_మేజిస్ట్రేట్

సాక్షిని అవమానిస్తే ఆ ప్రశ్న జడ్జి ఆపుతాడు, ప్రశ్నల మార్కు కూడా పోతుంది. మళ్లీ విడిగా కోత ఎందుకు?

సెక్షన్ల_సీతమ్మ

జడ్జి వేసినవాడు కూడా విద్యార్థే. ఆపడు. 4 చేయండి, ఆకారానికి 6.

బ్రాడీపేట_నాలుగోలైను

4 చేస్తున్నాను. ఫైలు డ్రాఫ్టు వచ్చే వారం ఇక్కడ పెడతాను, సందులు ఇంకేమైనా తట్టితే విడిగా మెసేజ్ చేయండి, ఇక్కడ రాస్తే బ్యాక్‌బెంచ్ చదివేస్తుంది. మెటీరియల్ ఆబ్జెక్టుగా (కోర్టులో చూపించే వస్తువుగా) అసలు కొక్కెం తేవచ్చా?

బెంచ్_గుమాస్తా

అట్టతో చేయించండి. అసలు సైజులో, గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, మధ్యవర్తుల సంతకాల చీటీ అంటించి. బోనులో సీలు విప్పే ముందు చీటీ మీద సంతకం నీదేనా అని మధ్యవర్తిని అడగాలి. అందుకని ఐవో కంటే ముందు మధ్యవర్తిని పీడబ్ల్యూ4గా చేర్చి ఇంకో 10 నిమిషాలు కలపండి, ఐవో పీడబ్ల్యూ5 అవుతాడు.

ఫైనలియర్_బ్యాక్‌బెంచ్

చదివేశాను. మధ్యవర్తి వేషం నాకివ్వండి మేడం.